ఒకే ఒంట్లో పలువురు

"ఆ పిల్లకి నిజంగా ఎవరో పూనారా, లేకపోతే నాటకమాడుతోందా?"

గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఏ ఇంట్లోనైనా ఓ కోడలో, ఎదిగిన కూతురో ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడిందంటే సాయంత్రానికల్లా అరుగుల మీద నలిగే ప్రశ్న ఇదే. మర్నాడు పత్తి తీసే చేలోనూ, మిరప కోసే చేలోనూ ఇదే మాట. అడిగేవాళ్లు రెండే జవాబులు దగ్గర పెట్టుకుని అడుగుతారు. అయితే దయ్యం, కాకపోతే దొంగవేషం. ఈ రెండూ కాని జవాబు ఇంకొకటుంది. నూట ముప్ఫై ఏళ్లకు పైగా వైద్యులు దాన్ని పరిశీలిస్తూనే ఉన్నారు.

ఆ మనిషి కాసేపు తన పేరు వేరే చెబుతుంది. గొంతు, యాస, నడక, చేతిరాత మారతాయి. ఇష్టమైన కూర కూడా మారుతుంది. కొంతసేపటికి మామూలు మనిషై, ఏం జరిగిందో నాకు గుర్తులేదంటుంది. ఇలా పైకి కనపడేది తక్కువమందిలోనే. ఎక్కువమందిలో బయటికి ఏమీ తెలియదు. లోపల తనతో పాటు ఇంకొకరో, ఇద్దరో ఉన్నారన్న ఎరుక ఉంటుంది. వాళ్ల మాట వినపడుతుంది. వాళ్ల అలక, భయం, కోపం తెలుస్తుంటాయి. ఆమె మాత్రం అన్నం వండుతూ, బడిలో పాఠం చెబుతూ, ఎవరికీ అనుమానం రాకుండా రోజు వెళ్లదీస్తుంటుంది. ఒకే ఒంట్లో ఒకరికి మించి 'నేను'లు ఉన్న ఈ అనుభవాన్ని ఇక్కడ బహుత్వం అందాం.

బహుత్వం ఉన్నవాళ్లంతా రోగులు కారు. దానితో ఇబ్బంది లేకుండా, తమ గురించి 'మేము' అని చెప్పుకుంటూ బతికేవాళ్లున్నారు. అది బతుకుని ఛిన్నాభిన్నం చేస్తున్నప్పుడు, రోజుల కొద్దీ జ్ఞాపకం ఖాళీ అవుతున్నప్పుడు వైద్యులు దాన్ని రుగ్మతగా గుర్తిస్తారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో దీన్ని 'మల్టిపుల్ పర్సనాలిటీ' (బహువ్యక్తిత్వం) అంది. 1994లో పేరు మార్చి 'డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్' అంది. మనం విడివడిన వ్యక్తిత్వం అనుకోవచ్చు.

ఎలా విడివడుతుంది? 1889లో ఫ్రాన్స్ దేశపు పియర్ జానే ఒక వివరణ ఇచ్చాడు. మనసు తన అనుభవాలన్నిటినీ ఒక్కటిగా కూర్చుకుంటుంది. భరించలేని దెబ్బ తగిలితే ఆ కూర్పు దెబ్బతిని, కొంత భాగం విడిగా ఉండిపోయి తన పని తాను చేసుకుపోతుంది. తర్వాతివాళ్లు పసితనం వైపు చూశారు. 'నేను' అన్నది బిడ్డతో పాటు ఒక్కటిగా పుట్టదు. ఆకలితో ఏడ్చే బిడ్డ, భయపడ్డ బిడ్డ, ఆడుకునే బిడ్డ మొదట్లో వేర్వేరు స్థితులు. పెంచేవాళ్లు ఎత్తుకుని ఓదారుస్తూ, పేరు పెట్టి పిలుస్తూ ఉంటే ఏళ్ల మీద ఆ స్థితులన్నీ కలిసి ఒక మనిషవుతాయి. పెంచేవాళ్లే హింసించేవాళ్లయితే? పగలు అన్నం పెట్టే చెయ్యే రాత్రి అఘాయిత్యం చేస్తే? ఆ రెంటినీ ఒకే మనసులో పక్కపక్కన పెట్టుకుని ఏ పసిబిడ్డా బతకలేదు. అన్నం తినే బిడ్డ ఒకరుగా, దెబ్బ తినే బిడ్డ ఒకరుగా మిగిలిపోతారు. అమెరికా, కెనడా, ఐరోపాల్లో ఈ రుగ్మత ఉన్నవాళ్లలో సుమారు 90 శాతం మంది చిన్నతనంలో హింసకో, నిర్లక్ష్యానికో గురైనట్టు చెప్పారు. అంటే పారిపోవడానికి దారి లేని బిడ్డ బతికి బట్టకట్టడానికి వెతుక్కున్న ఉపాయం ఇది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ మనిషిని చూసే చూపు మారుతుందని నా నమ్మకం.

కారెంపూడిలో వీరావేశం, ఇంట్లో గాలి

నాగులేటి ఒడ్డున కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఆరాధన మొదలవుతుంది. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడి పక్షం, నాగమ్మ పక్షం తలపడ్డ యుద్ధాన్ని అయిదు రోజుల పాటు మళ్లీ బతికిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. ఆచారవంతులు తమ ఊళ్ల నుంచి వీరుల ఆయుధాలైన కొణతాలు తీసుకుని వస్తారు. వాయిద్యాల మోతలో వీరావేశం వచ్చినవాణ్ని చుట్టూ ఉన్నవాళ్లు ఫలానా ఊరి రైతుగా చూడరు, వీరుడిగానే చూస్తారు. కొందరు పట్టుకుంటారు, కొందరు దండం పెడతారు. పండగ ముగుస్తుంది, మనిషి తన ఊరికి, తన చేలోకి వెళ్తాడు. అతనికి పిచ్చి అని ఎవరూ అనరు. అనకపోవడమే సరైనది కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల పట్టిక, ఐసీడీ-11, ఈ మాటే చెబుతుంది. అందులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఒకటి ఉంది. అయితే ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో, ఆరాధనలో భాగంగా వచ్చే పూనకాన్ని రుగ్మతగా లెక్కించకూడదు. మనిషి కోరకుండా, ఆపుకోలేకుండా వచ్చి, బాధపెట్టి, బతుకుని చెడగొడితేనే అది వైద్యుడి దగ్గరికి రావలసిన సంగతి. ఇద్దరిలోనూ పైకి కనపడేది ఒకటే కావచ్చు. ఒకరికి ఊరు, వేళ, వాయిద్యం, పట్టుకునే చేతులు అన్నీ ఉన్నాయి. రెండోవారు అర్ధరాత్రి వంటింట్లో ఒంటరిగా ఉన్నారు.

ఆ వంటింటి సంగతి కొంచెం చూడాలి. మామగారి ఎదుట తలెత్తని కోడలు పూనకంలో ఆయన్ని "ఒరే" అంటుంది. పసుపు నీళ్లు తెమ్మంటుంది, చీర పెట్టమంటుంది, తన మొక్కు ఎందుకు తీర్చలేదని నిలదీస్తుంది. ఆ మాట అమ్మవారిదైతే ఇల్లంతా సాగిలపడుతుంది. చనిపోయిన సవతిదో, ఉరేసుకున్న పక్కింటి పిల్లదో అయితే భూతవైద్యుడి కోసం మనిషి పరుగెడతాడు. ఆమె పేరుతో ఆమె అడిగి ఉంటే వినేవాళ్లు ఎవరూ లేరన్నది మాత్రం రెండు చోట్లా నిజం. బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు ఐ.ఎం.లూయిస్ 1971లో రాసిన పుస్తకంలో, నోరు లేనివాళ్లకు పూనకం నోరవుతుందని ఎన్నో సమాజాల నుంచి ఉదాహరణలతో చూపించాడు. దీన్ని ఎత్తుగడ అనుకోకూడదు. ఆమె ఆలోచించి చేస్తున్న పని కాదిది. చెప్పుకోలేని బాధ తన చుట్టూ ఉన్న సమాజానికి అర్థమయ్యే ఆకారంలో బయటికి వస్తుంది.

మన దేశపు వైద్యులు దీన్ని ఎప్పుడో గమనించారు. 1981లో వర్మ, బౌరి, విగ్ అనే ముగ్గురు ఇక్కడి పూనకాలనీ, పాశ్చాత్య దేశాల బహువ్యక్తిత్వాన్నీ పోల్చి రాశారు. 1989లో ఆదిత్యాంజీ, ఆయన సహచరులు ఇక్కడ బహువ్యక్తిత్వం కేసులు ఎందుకంత అరుదుగా కనపడుతున్నాయో చర్చించారు. అమెరికాలో పేర్లున్న వేర్వేరు వ్యక్తులుగా బయటికొచ్చేది ఇక్కడ దేవతగా, దయ్యంగా, చనిపోయిన బంధువుగా వస్తోందన్న ఆలోచన అలా బలపడింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్వచనాన్ని సవరించి, కొన్ని సంస్కృతుల్లో ఇది పూనకంగా కనపడవచ్చని చేర్చింది. ఇందులో ఒక జాగ్రత్త కావాలి. పూనిన ప్రతి మనిషిలోనూ బహుత్వం లేదు. బహుత్వం ఉన్న ప్రతి మనిషికీ పూనకం రాదు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయికి లోపలివాళ్లు అమ్మవారిగా రానక్కర్లేదు. ఏడేళ్ల పిల్లగానో, తనను కాపాడే అన్నగానో ఉండవచ్చు.

మిరప పొగ

దయ్యమన్న నమ్మకం ఒట్టి నమ్మకంగా ఆగిపోతే ఇంత రాయనవసరం ఉండేది కాదు. నమ్మకం వెంట వేపమండలు, కొరడా, గొలుసు వస్తాయి. ఈ నేలలో మిరప పొగ కూడా వస్తుంది. నిప్పుల మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, జుట్టు పట్టుకుని ఆ పొగలో ముఖం పెడతారు.

మిరపలో ఘాటు కాప్సైసిన్ అనే పదార్థానిది. వేడి తగిలితే 'మంట' అని మెదడుకి కబురు పంపే గ్రాహకం ఒకటి మన నరాల కొసల్లో ఉంటుంది. కాప్సైసిన్ దాన్నే తాకుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఆ గ్రాహకాన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. పొగ రూపంలో ఈ మంట కళ్లకు, ముక్కుకు, శ్వాసనాళాలకు ఒక్కసారిగా అంటుకుంటుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఉబ్బసం ఉన్న మనిషయితే ప్రాణం మీదికి వస్తుంది. కాసేపటికి సోలిపోయి మాట ఆగితే "వదిలింది" అంటారు.

వదిలింది ఏమీ లేదు. తప్పించుకోలేని నొప్పి నుంచి మనసు పక్కకు జరగడమే విడివడటమని ముందు చెప్పుకున్నాం. నలుగురు పట్టుకుని ఊపిరాడకుండా చేయడం కంటే తప్పించుకోలేని నొప్పి ఏముంటుంది? పసితనంలో ఏ దెబ్బ వల్ల ఆ మనసు విడిపోయిందో అదే దెబ్బను పదిమంది ఎదుట మళ్లీ కొడుతున్నాం. మాట ఆగడానికి కారణం భయంతో ఇంకా లోపలికి ముడుచుకుపోవడమే. తర్వాతిసారి ఇంకా కోపంగా వచ్చిందని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు.

గుడికో, దర్గాకో, ప్రార్థన కూటానికో వెళ్లొద్దని నేననను. నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు మన జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వెళ్తాయి. ఇంటి గొడవ నుంచి కొన్నాళ్లు దూరంగా, తనలాంటి మనుషుల మధ్య ఉండటం ఎంతోమందికి ఊరటనిస్తుంది. కట్టేయడాన్నీ, కొట్టడాన్నీ మాత్రం ఒప్పుకోకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో లేచి పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్, మానసిక రోగులను ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదని నిషేధించింది.

దయ్యం మాటతో ఇంకో ప్రమాదం, వైద్యం అందవలసిన గంటలు వృథా అవుతాయి. పత్తికి పురుగుమందు కొట్టి వచ్చిన మనిషి పొంతన లేకుండా మాట్లాడుతూ, చెమటలు పట్టి, నోట చొంగ కారుస్తూ, కంటిపాపలు చిన్నవైపోయి ఉంటే అది విషం ఎక్కిన లక్షణం. మూర్ఛల్లో ఒక రకం కాళ్లూ చేతులూ కొట్టుకోకుండానే మనిషిని కాసేపు పరాయివాణ్ని చేస్తుంది. 2007లో జోసెప్ దాల్మావ్ బృందం ఒక మెదడు వాపు వ్యాధిని గుర్తించింది. శరీరపు రోగనిరోధక శక్తే మెదడు మీద దాడి చేయడం వల్ల, నిన్నటిదాకా బాగున్న అమ్మాయి రోజుల్లో అరుపులకు, వింత చేష్టలకు దిగుతుంది. వేళకు వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. బహుత్వమా కాదా అన్న చర్చ వీటన్నిటినీ చూసుకున్న తర్వాతే.

గుర్తులేదంటే అబద్ధమేనా?

"నిన్న నన్ను తిట్టి, ఇవాళ ఏమీ ఎరగనట్టు కాఫీ ఇస్తోంది" అన్న ఫిర్యాదు చాలా ఇళ్లలో వినపడుతుంది. ఆ మతిమరుపు నిజమేనా?

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. భవనం ఒకటే, కరెంటు ఒకటే, చల్లదనం ఒకటే. లోపల గదులు వేరు. ఒక గదిలో ఒక రైతు తేజ రకం మిరప టిక్కీలు (బస్తాలు), ఇంకో గదిలో ఇంకొకరివి. సరుకు ఎక్కడికీ పోలేదు, భద్రంగానే ఉంది. రసీదు చేతిలో లేనివాడు గేటు దగ్గర ఎంత నిలబడ్డా ఒక్క టిక్కీ బయటికి రాదు. విడివడిన మనసులో జ్ఞాపకాలు ఇలా ఉంటాయి. నిన్న తిట్టిన సంగతి ఆ మెదడులోనే ఉంది. ఇవాళ కాఫీ ఇస్తున్న ఆమె దగ్గర ఆ గది రసీదు లేదు.

ఇంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. నెదర్లాండ్స్‌లో రఫాయెల్ హుంటెన్స్, ఆమె సహచరులు 2003 నుంచి దీని మీద వరుసగా పరీక్షలు చేశారు. ఒక స్థితిలో ఉన్నప్పుడు కొన్ని మాటలు నేర్పారు. ఇంకో స్థితిలోకి వచ్చాక అడిగితే, అవి తమకు తెలియవనే ఆ మనుషులు చెప్పారు. తెలుసా అని నేరుగా అడగకుండా, గుర్తుపట్టే తీరును, తడబడే వేగాన్ని కొలిస్తే మాత్రం ఆ సమాచారం గదులు దాటి వచ్చినట్టే తేలింది. మిరప నిల్వ ఉన్న భవనంలోకి వెళ్లినవాళ్లకు ఇది వింత కాదు. తాళం వేసిన గది తలుపు తెరవకపోయినా ఘాటు నడవలోకి వస్తూనే ఉంటుంది, సరుకు ఎవరిదో తెలియనివాడు కూడా తుమ్ముతాడు. తనకు గుర్తే లేని సంఘటన తాలూకు వాసన, అడుగుల చప్పుడు, చీకటి గది ఆమెను వణికించేది ఇందుకే. కారణం ఆమెకు తెలియదు, ఒళ్లు మాత్రం వణుకుతుంది.

కాబట్టి గోడలు ఇనుపగోడలు కావు. గుర్తులేదని చెప్పేవాళ్లు అబద్ధమూ చెప్పడం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. చికిత్సకు ఆశ కూడా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఘాటు దాటగలిగిన చోట నెమ్మదిగా మాటా దాటగలదు.

అపరిచితుడు తెచ్చిన చేటు

తెలుగువాళ్లలో బహువ్యక్తిత్వం అన్న మాట ఇంటింటికీ చేరింది 2005లో. ఆ ఏడాదే 'అపరిచితుడు', 'చంద్రముఖి' సినిమాలు రెండూ తమిళం నుంచి వచ్చాయి. మొదటిదానిలో చట్టాన్ని తు.చ. తప్పని రామానుజం, ప్రేమించడానికి రెమో, చంపడానికి అపరిచితుడు ఒకే మనిషి. చిన్నప్పుడు చెల్లెలు కళ్లెదుట చనిపోవడం అతన్ని విడదీసిందని కథ చెబుతుంది. దెబ్బకూ విడివడటానికీ సంబంధం ఉందన్నంతవరకు ఆ సినిమా మేలు చేసింది. రెండోదానిలో గంగ అనే కోడలు తనను చంద్రముఖి అనే నర్తకిగా అనుకుంటుంది. తమిళ మూలంలో ఆ చంద్రముఖి తెలుగు మనిషి, ఆ స్థితిలో ఆమె మాట్లాడేది, పాడేది తెలుగే. 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' దీనికి మాతృక. నటులు గొప్పగా చేశారు, జనం గుండెల్లో పెట్టుకున్నారు.

కానీ రెండు కథల్లోనూ లోపలున్న ఇంకొకరు హంతకులో, హత్యకు సిద్ధమైనవాళ్లో. ఇది మనవాళ్లు పుట్టించింది కాదు. 1886లో స్టీవెన్సన్ రాసిన జెకిల్, హైడ్ కథ నుంచి ఇదే అచ్చు. ఇంటర్ చదివే పిల్లవాడు తన లోపల ఇంకొకరున్నారని ధైర్యం చేసి స్నేహితుడికి చెబితే, వాడు ఆ క్షణం నుంచి "అపరిచితుడు వచ్చాడా?" అని ఏడిపిస్తాడు, లేదా భయపడి గది మారతాడు. ఆ పిల్లవాడు మళ్లీ ఎవరికీ చెప్పడు.

నిజానికి దెబ్బ పడేది ఎవరి మీద? అమెరికా మనోవైద్యుల సంఘం గ్రంథం ప్రకారం, ఈ రుగ్మతతో వైద్యానికి వచ్చేవాళ్లలో 70 శాతానికి మించి ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లే. వాళ్లను చూసి ఊరు భయపడాల్సింది లేదు, వాళ్ల ప్రాణం గురించి మనం భయపడాలి. పురుగుమందు డబ్బా ప్రతి ఇంటి చూరు కింద ఉండే పత్తి నేలలో ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ అంటుంది. కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం మానకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు.

స్కిజోఫ్రీనియా దీనికి ఇంకో పేరన్న అపోహ చదువుకున్నవాళ్లలోనూ ఉంది. అది వేరే జబ్బు. లేని శబ్దాలు వినపడటం, ఎవరో కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, ఆలోచన పొంతన తప్పడం దాని లక్షణాలు. దానికి మందులు ముఖ్యం. విడివడిన వ్యక్తిత్వానికి ఇదీ మందు అని చెప్పదగ్గది లేదు. దిగులుకో, నిద్రకో మాత్రలిచ్చినా అసలు చికిత్స మాటలతో, ఓపికగా, ఏళ్ల తరబడి సాగుతుంది. గొంతులు వినపడతాయని చెప్పగానే తొందరపడి ముద్ర వేస్తే మనిషి అనవసరమైన మందులతో ఏళ్లు గడిపేస్తుంది.

నటన అన్న అనుమానం

ఇది తేలిగ్గా కొట్టిపారేయవలసిన అనుమానం కాదు. అమెరికాలో 1973లో 'సిబిల్' అనే పుస్తకం వచ్చింది. పదహారు వ్యక్తిత్వాలున్న స్త్రీ కథ అది. టీవీ సినిమా కూడా అయింది. అంతకుముందు చాలా అరుదనుకున్న రోగం తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడ వేలమందిలో కనపడింది. ఆ స్త్రీ అసలు పేరు షెర్లీ మేసన్. 1958లోనే తన వైద్యురాలికి రాసిన ఉత్తరంలో అదంతా తాను కల్పించిందేనని ఆమె ఒకసారి చెప్పుకుంది, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. నికొలస్ స్పానోస్ లాంటి పరిశోధకులు ఇదంతా వైద్యుల సూచనలతో, చుట్టూ ఉన్న కథలతో తయారయ్యే ప్రవర్తన అన్నారు. ఈ వాదం ఇంకా సాగుతోంది.

మెదడు పరీక్షలు ఇందులో కొంత వెలుగునిచ్చాయి. సిమోన్ రైండర్స్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, రుగ్మత ఉన్నవాళ్ల పక్కన ఊహాశక్తి బాగా ఉన్నవాళ్లను, అంతగా లేనివాళ్లను కూర్చోబెట్టి, రెండు స్థితులను నటించమని నేర్పించారు. ఎంత నేర్పినా నటించేవాళ్ల గుండె వేగం, మెదడులో రక్తప్రసారం రోగులవాటితో సరిపోలలేదు. 2015లో జర్మనీ పరిశోధకులు స్ట్రాస్‌బర్గర్, వాల్డ్‌ఫోగెల్ ఒక స్త్రీ గురించి రాశారు. ఆమెలోని కొన్ని స్థితులకు చూపు ఉంది, కొన్నిటికి లేదు. చూపు లేని స్థితిలో ఉన్నప్పుడు, కంటికి బొమ్మ చూపిస్తే మెదడులో రావలసిన విద్యుత్ స్పందన రాలేదు. చూపున్న స్థితిలో మామూలుగా వచ్చింది. ఒకే కళ్లు, ఒకే మెదడు.

నాకు తోచేది ఇది. బాధ ఏ రూపంలో బయటికి వస్తుందన్నదాన్ని చుట్టూ ఉన్న కథలు తీర్చిదిద్దుతాయి. పల్నాడులో అది వీరుడవుతుంది, వంటింట్లో అమ్మవారవుతుంది, అమెరికాలో పేర్లున్న పదహారు మంది అవుతారు. రూపాన్ని కథలిచ్చాయి కాబట్టి లోపలి బాధ కూడా కల్పితమే అనడం అన్యాయం.

కలిపేయాలా, కలిసి బతకాలా?

"పెళ్లి చేస్తే కుదురుకుంటుంది" అన్న సలహా మన దగ్గర ఎంతోమందిని నాశనం చేసింది. అఘాయిత్యం వల్ల విడిపోయిన మనసును, చెప్పకుండా దాచి, పరిచయం లేని మనిషితో పరిచయం లేని ఇంటికి పంపితే పాత గదుల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పంపినవాళ్లు మంచి జరుగుతుందనే పంపుతారు. ఆ పిల్ల నెలలోపే తిరిగి వస్తుంది, ఈసారి దయ్యంతో పాటు అపఖ్యాతినీ మోసుకొస్తుంది.

వైద్యం గురించి కూడా ఒక అపోహ ఉంది. అందరినీ కలిపి ఒక్కరిని చేస్తేనే నయమైనట్టు అనుకుంటారు. 1957లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్' అలాగే ముగుస్తుంది. ఆ కథకు మూలమైన క్రిస్ సైజ్‌మోర్ 1977లో తన పేరుతో పుస్తకం రాసి, సినిమా అంతా అయిపోయిందని చెప్పిన తర్వాత కూడా తనలో ఎందరో వచ్చారని, మొత్తం ఇరవైకి పైనే అని, నిలదొక్కుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందని చెప్పింది. కోలుకున్న తర్వాత దేశమంతా తిరిగి ప్రసంగాలు చేసి, బొమ్మలు వేసి, 2016 దాకా జీవించింది. ఈ రంగంలోని వైద్యుల అంతర్జాతీయ సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు, కలిసిపోవడం కుదిరినవాళ్లకు అది మంచిదే అంటూనే, లోపలివాళ్లంతా పరస్పరం సహకరించుకుంటూ బతకడాన్ని కూడా కొందరికి వాస్తవికమైన గమ్యంగా ఒప్పుకున్నాయి. కొందరికి కలిసిపోవడం అంటే తనను పసితనంలో కాపాడినవాళ్లను చంపుకోవడంలా అనిపిస్తుంది. ఆ భయాన్ని వినకుండా మొదలుపెట్టే చికిత్స నిలవదు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది పెద్దదేమీ కాదు, కష్టమైనది. ఎదుట ఎవరున్నా మర్యాదగా పలకరించడం. "నువ్వెవరు, ఎందుకొచ్చావు" అని గద్దించే బదులు "ఏం కావాలి, ఎక్కడ నొప్పిగా ఉంది" అని అడగడం. వేరొకరిని పిలిచి చూపించమని చుట్టాల ఎదుట వేడుక చేయకపోవడం. ఆమె చెప్పనిదే పసినాటి సంగతులు తవ్వకపోవడం. ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఆమెను బాధపెడుతుంటే, ముందు ఆ మనిషిని ఆపడం. ఇది జరగకుండా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లినా, ఒంగోలుకి తీసుకెళ్లినా, బెంగళూరు నిమ్హాన్స్‌కి తీసుకెళ్లినా ఉపయోగం లేదు. సాయంత్రం బస్సెక్కి ఆమె తిరిగి వచ్చేది ఆ ఇంటికే.

చట్టంలో ఎక్కువమందికి తెలియని వీలు ఇంకొకటుంది. 2017 చట్టం 5వ సెక్షన్ కింద, మేజరైన ఎవరైనా తాము మంచి స్థితిలో ఉన్నప్పుడే ముందస్తు ఆదేశం రాసి పెట్టుకోవచ్చు. తాను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఎలాంటిది వద్దో అందులో చెప్పుకోవచ్చు. రోజులు మరిచిపోయే మనిషికి, ఒకరి నిర్ణయం ఇంకొకరికి తెలియని మనిషికి ఈ కాగితం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. లోపలివాళ్లంతా ఒప్పుకున్న మాటలను తీరిగ్గా కూర్చుని రాసుకోవచ్చు. 14వ సెక్షన్ ప్రకారం, అలాంటప్పుడు తన తరఫున మాట్లాడేందుకు ఒక ప్రతినిధిని కూడా పేరు రాసి నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి తండ్రో, భర్తో, మామగారో అయి తీరాలని చట్టం అనలేదు. పక్క వీధి స్నేహితురాలైనా కావచ్చు, చదువు చెప్పిన టీచరైనా కావచ్చు, మేజరై, ఆ బాధ్యతను మోయగలిగినవాళ్లై, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు.